కరగని పొట్ట

హాలు తాళం తీసేసరికి మెట్ల మీద అప్పటికే అయిదారుగురు ఆడవాళ్ళు మ్యాట్లు చుట్టి చంకన పెట్టుకుని కూర్చున్నారు. ఆరు కొట్టడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. కింద టైర్ల షాపు షట్టరు మూసే ఉంది. వీధిలో పాలవ్యాను ఒక్కటే ఆగుతూ ఆగుతూ పోతోంది.

"నిద్ర ఇంట్లో వదిలేసి రమ్మంటే వెంటబెట్టుకొచ్చేస్తారేంటర్రా?" అంటూ మేడమ్ లైట్లు వేసింది. ఆవలింతలు, నవ్వులు, చెప్పులు విడిచిన చప్పుడు. మ్యాట్లు ఒక్కొక్కటే నేల మీద పరుచుకున్నాయి.

ఆ వీధి మొత్తానికి ఆమె మేడమ్. చాటుగా మాత్రం లెక్కల మేడమ్ అంటారు. ఎత్తిన కాళ్ళు దించకుండా పట్టుకోమని ఆమె ఒకటీ, రెండూ అని లెక్క మొదలుపెడితే, తొమ్మిదికీ పదికీ మధ్య ఎంత దూరముంటుందో అక్కడ వెల్లకిలా పడుకున్నవాళ్ళకే ఎరుక. పదిహేడేళ్ళుగా అదే హాలు, అదే గోడంత అద్దం, అదే పని. పొట్ట, నడుము పక్క మడతలు, తొడలు, భుజం కింద వేలాడే కండ. కొత్తగా చేరినవాళ్ళెవరైనా సరే, పక్కింటావిడ మీద చాడీ చెప్పినట్టు ఒంట్లో ఏదో ఒక భాగాన్ని వేలెత్తి చూపిస్తారు. "మిగతాదంతా మాట వింటోంది మేడమ్, ఇదొక్కటే మొండికేసింది" అంటారు.

"ఒక్కచోటే కరిగించే మంత్రం నా దగ్గర లేదమ్మా" అని ఆమె అందరికీ ఒకటే జవాబు చెబుతుంది. "కొవ్వు ముందు ఎక్కణ్ణుంచి పోవాలో ఒళ్ళే చూసుకుంటుంది, మనల్ని అడగదు. రోజూ గంట నడవండి, వేళకి తినండి, కంటినిండా నిద్రపోండి. ఇక్కడ మనం చేసేదల్లా లోపలి కండని గట్టిపరచడం. మూడు నెలలు ఓపిక పట్టండి." పూర్వం దీనికి చివర ఇంకో మాట కూడా ఉండేది. "మొండి పొట్టకి మొండి మేడమే మందు" అనేది, అందరూ ఘొల్లుమనేవారు. రెండేళ్ళుగా ఆ మాట ఆమె నోట రావడం లేదు.

ఆ ఉదయం పదకొండు మంది వచ్చారు. మేడమ్ అలవాటుగా తలలు లెక్కపెట్టింది. పదకొండు. పాట పెట్టడానికి అద్దం వైపు తిరిగి, అద్దంలో మళ్ళీ లెక్కపెట్టింది. పన్నెండు. రెండో వరసలో, కిటికీ పక్కన, జుట్టు నడినెత్తిన ముడేసుకుని ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టే ఉంది. ఆమె వెనక్కి తిరిగింది. అక్కడ ఉత్త నేల, దాని మీద కిటికీలోంచి పడ్డ కాస్త వెలుగు. ఆ చోటు వదిలిపెట్టమని ఆమె ఎవరికీ ఏనాడూ చెప్పలేదు. అయినా ఎవరూ అక్కడ మ్యాట్ వెయ్యరు.

"కాళ్ళు పైకి. ఒకటీ..."

పదకొండు ఊపిరులు ఒక్కసారి బయటికొచ్చాయి. వాటి వెనకాలే, అరక్షణం ఆలస్యంగా, ఇంకొకటి. హుఫ్. ఆ ఊపిరి ఎవరిదో మేడమ్‌కి తెలుసు. వదిన ఎప్పుడూ అంతే. అందరూ దించాక ఎత్తేది, అందరూ ఎత్తాక దించేది, పైగా "లెక్క నువ్వే తొందరపడుతున్నావు, నాదేం తప్పులేదు" అని దబాయించేది. అన్నయ్య భార్య. పోయి రెండేళ్ళు దాటింది. అండాశయంలో గడ్డ అన్నారు. అది బయటపడిన అయిదు నెలలకే మనిషి లేకుండా పోయింది.

మేడమ్ గొంతు పెంచి లెక్కపెట్టింది. వరసల మధ్య నడుస్తూ ఒకరి మోకాలు సరిచేసింది, ఇంకొకరి నడుం నేలకి ఆనేలా అదిమింది. మూడో వరసలో బేకరీ ఆవిడ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

బేకరీ ఆవిడ చేరి ఆరు వారాలయింది. వీధి చివర బ్రెడ్డు పొయ్యి ముందు రోజంతా నిలబడే మనిషి. చేతులు గట్టివి, మాట ఇంకా గట్టిది. వెల్లకిలా పడుకుంటే ఆవిడ పొట్ట రెండు పక్కలకీ జారాలి. జారలేదు. గుండ్రంగా అలాగే నిలబడి ఉంది. మేడమ్ చూపు అక్కడే అతుక్కుపోయింది. లెక్క ఏడు దగ్గర ఆగింది.

"మీకు ఆకలి ఎలా ఉంటోంది?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది మేడమ్. అదే కదా నా బాధ!" ఆవిడ కాళ్ళు గాల్లో వణుకుతున్నాయి. "ఎనిమిదెప్పుడు చెబుతారు?"

"రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉంటోందా? మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళాల్సి వస్తోందా? చేతులేమైనా సన్నబడ్డాయా?"

హాల్లో ఒక్కొక్కరే కాళ్ళు దించేశారు. పాట ఒక్కటే మోగుతోంది. బేకరీ ఆవిడ లేచి కూర్చుంది. మెడ దగ్గరనుంచి ముఖందాకా ఎర్రబడింది.

"ఏంటి మేడమ్, అందరి ముందూ?"

"మీరు రేపటినుంచి రావద్దు. డాక్టరు దగ్గరికెళ్ళి స్కాన్ తీయించుకోండి. ఆ కాగితం చూపిస్తేనే లోపలికి రానిస్తాను."

ఆవిడ మ్యాట్ చుట్టకుండానే గుంజుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది. తలుపు పక్క చిన్న బల్ల దగ్గర కూర్చుని హాజరు రాస్తున్న మేనకోడలు కలం కింద పెట్టేసి అత్త వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. ఈ ఏడాదిలో మేడమ్ ఇలా పంపేసిన మనుషుల్లో బేకరీ ఆవిడ ఏడోది.

*

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే. అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఏ మూల ఏ లిఫ్టు ఆగినా సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాలి. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే "నన్ను మోసే మగాడు దొరికినప్పుడు చూద్దాం" అని నవ్వేస్తుంది. మూడోది అన్నయ్య కూతురు. ఇరవై ఏళ్ళది. చిన్నప్పటినుంచీ వాగుతూ ఇల్లంతా గెంతేది కాబట్టి దానికి పిచ్చుక అని పేరు. తల్లి పోయాక వాగుడు తగ్గింది గానీ పేరు తగ్గలేదు. పొద్దున అత్త క్లాసులో హాజరు చూసుకుని, ఆ తర్వాత కాలేజీకి వెళుతుంది.

"ఇలాగైతే హాల్లో నువ్వూ అద్దమే మిగులుతారత్తా" అంది పిచ్చుక, టీ గ్లాసులు కడుగుతూ. "పోయిన వారం ఆ టీచరమ్మ మానేసింది. అంతకుముందు ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ. వ్యాయామానికి వస్తే జబ్బు అంటగడుతోందని బయట చెప్పుకుంటున్నారు, తెలుసా నీకు?"

"చెప్పుకోనీ."

"వాళ్ళలో ఒక్కరికైనా ఏమైనా ఉందా? ఒకావిడకి గ్యాసు. ఒకావిడకి మూడో నెల! ఆవిడ తనే చెప్పుకోవాలనుకున్న కబురు నువ్వు హాలంతా చాటేశావు."

అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పోనీవే పిచ్చుకా. అత్త జాగ్రత్త కోసమే కదా అంటోంది" అన్నాడు. ఆ ఇంట్లో ఏ మాట వేడెక్కినా ఆయన 'పోనీవే' అనేవాడు. రెండేళ్ళుగా పోనిచ్చి పోనిచ్చి, అసలు మాట ఏదీ ఎవరి దగ్గరా మిగల్లేదు. వదిన ఫొటో గోడ మీద ఉంది. ఆమె గురించి మాత్రం ముగ్గురూ మాట్లాడుకోరు.

మేడమ్ తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. బీరువా పై అరలో, పాత తూకం మిషను డబ్బా కింద, ఒక కాగితం ఉంది. చూడకూడదనుకుంటూనే రోజుకొకసారి డబ్బా జరిపి, అది అక్కడే ఉందో లేదో చూసుకుంటుంది. ఉంది. ఎక్కడికి పోతుంది?

*

ఆదివారం క్లాసు లేదు. అన్నయ్యకి పొద్దున్నే ఫోనొచ్చి ఏదో ఆసుపత్రి లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరో తలుపు బాదారు. తట్టడం కాదు, బాదడమే. పిచ్చుక తీసింది. గుమ్మంలో బేకరీ ఆవిడ. ఏప్రన్ మీద పిండి అలాగే ఉంది, చేతిలో పెద్ద కవరు.

"ఎక్కడ మీ అత్త?"

మేడమ్ ముందు గదిలోకి వచ్చేసరికి ఆవిడ కవరులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపుచేసింది.

"చూసుకోండి. చదవడం వస్తే చదువుకోండి. ఏమీ లేదు. గడ్డ లేదు, నీరు లేదు, ఏ గోలా లేదు. ఉత్త కొవ్వు! ఎలా ఉందని అడిగితే డాక్టరు నవ్వాడు కూడా. నాలుగు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ఎవరి నోట్లోకీ ముద్ద దిగలేదు మేడమ్. మా ఆయన పిండి కలుపుతూ కలుపుతూ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంటుంటే నేను చూడనట్టు నటించాను. మా పెద్దది నా బట్టలన్నీ మడతపెట్టి బీరువా సర్దింది. ఎందుకు సర్దుతోందో నాకు అర్థం కాదనుకుందా? చక్కగా పక్కకి పిలిచి చెవిలో చెప్పి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదా? అంతమంది ఆడవాళ్ళ ముందు నా పొట్ట చూపించి..."

ఆవిడ మాట అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే మేడమ్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, గోడకి ఆనుకుని, అలాగే నేల మీదికి జారి కూర్చుండిపోయింది. ముందు నవ్వినట్టే అనిపించింది. తర్వాత చూస్తే ఏడుస్తోంది. చిన్నపిల్లలా, నోరు తెరుచుకుని.

"కొవ్వే" అంటోంది. "ఉత్త కొవ్వే... ఉత్త కొవ్వేనట..."

బేకరీ ఆవిడ తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వంగి మేడమ్ భుజం తట్టి, "ఏంటో, తిట్టిపోద్దామని వచ్చాను" అని పిచ్చుకతో గొణిగి, కాగితం ఆ చేతుల్లోనే వదిలేసి వెళ్ళిపోయింది.

పిచ్చుక తలుపు వేసొచ్చి అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏంటత్తా ఇది? ఆవిడకి ఏమీ లేకపోతే సంతోషించాలి. నువ్వు ఎందుకిలా అయిపోతున్నావు? రోజూ క్లాసులో అద్దం చూసి ఉలిక్కిపడతావు. నేను చూడటం లేదనుకున్నావా? ఎవర్ని చూస్తున్నావు అక్కడ?"

"మీ అమ్మని."

ఆ మాట అన్నాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మేడమ్ గోడ పట్టుకుని లేచింది. లోపలికి వెళ్ళి బీరువా పై అర తడిమి, తూకం మిషను డబ్బా కింద నుంచి నాలుగు మడతల కాగితం తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టింది. ఇస్తున్నప్పుడు వేళ్ళు ఒక క్షణం దాన్ని వదల్లేదు.

"నా కొలతల పుస్తకంలోది. మీ అమ్మ పేజీ. చింపి దాచాను. మీ నాన్నకి కూడా తెలీదు. చదువు."

పిచ్చుక మడతలు విప్పింది. అత్త గుండ్రటి చేతిరాత. వరసగా సోమవారాల తేదీలు. పక్కన చేతి కొలత, తొడ కొలత, నడుం కొలత, పొట్ట కొలత. మొదటి నెల అన్నీ కొంచెం కొంచెం తగ్గాయి. రెండో నెలనుంచి చేతులు తగ్గుతున్నాయి, తొడలు తగ్గుతున్నాయి, పొట్ట పెరుగుతోంది. మూడో నెలలో ఇంకా పెరిగింది. నాలుగో నెల చివరి సోమవారం ఎదురుగా అత్త ఎర్ర సిరాతో ఒక మాట రాసి, కింద గీత గీసింది. పిచ్చుక దాన్ని పైకి చదివింది.

"'తిండి దగ్గర అబద్ధం చెబుతోంది. కాళ్ళెత్తడం ఇంకో ఇరవై పెంచాలి.'"

ఎర్ర గీత మీద వేలు అలాగే ఉంచి అత్త వైపు తలెత్తింది.

"అమ్మ అబద్ధం చెబుతోందా?" పిచ్చుక గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "అసలేమీ తినలేకపోతున్నానని అమ్మ నీతో చెప్పిందా, లేదా?"

"చెప్పింది."

"చెబితే నువ్వేమన్నావు?"

"అందరూ అదే చెబుతారు వదినా అన్నాను. నీ పొట్ట నిజం చెబుతోంది, నువ్వే అబద్ధం చెబుతున్నావన్నాను. అందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వి, నేను చెప్పిన ఇరవై చేసింది."

"చేతులు సన్నబడటం చూశావు కదా? రాశావు కదా నీ చేత్తో! పదిహేడేళ్ళనుంచి ఇదే పని కదా నీది! మనిషి చిక్కిపోతోంది, పొట్ట పెరుగుతోంది, అది కొవ్వు కాదని నీకు తట్టలేదా?"

"తట్టలేదే. నాకు మీ అమ్మ కనబడలేదు. పొట్టే కనబడింది. అది నా మాట వినడం లేదన్న కోపమే కనబడింది." మేడమ్ కళ్ళు తుడుచుకోలేదు. "ముందే తీసుకొస్తే బతికేదా అని డాక్టర్ని అడిగాను. ముందే వస్తే బాగుండేది గానీ ఈ జబ్బు చాలామందిలో ఆఖరిదాకా దాక్కునే ఉంటుంది, చెప్పలేం అన్నాడు. ఆ 'చెప్పలేం' పట్టుకుని రెండేళ్ళనుంచి పడుకుంటున్నాను, లేస్తున్నాను."

పిచ్చుక కాగితాన్ని బల్ల మీదికి విసిరింది. "నేనింక ఆ హాలు మెట్లు ఎక్కను. నీతో మాట్లాడను కూడా. నువ్వు అమ్మతో ఇరవై చేయించావు! కడుపులో అంత గడ్డ పెట్టుకున్న మనిషి చేత..."

"పిచ్చుకా."

అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటినుంచి అక్కడ ఉన్నాడో తెలీదు. సంచీ భుజం మీదే ఉంది. గోళ్ళలో గ్రీజు. ఈసారి ఆయన 'పోనీవే' అనలేదు. సంచీ దించి, చేతులు కడుక్కోకుండానే వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ కాగితం తీసుకుని పై నుంచి కింది దాకా చదివాడు. చదవడం అయ్యాక కూడా దానివంకే చూస్తూ ఉండిపోయాడు.

"దాన్ని క్లాసుకి పంపిందే నేను" అన్నాడు చివరికి. "పొట్ట బిగేసినట్టుంటోంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు అని నన్ను అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి పనుందన్నాను. రెండోసారి... నలభై దాటాక ఆడవాళ్ళందరికీ పొట్ట వస్తుంది, దానికి డాక్టరెందుకు, ఇంట్లోనే మా చెల్లెలుంది కదా, హాలుకెళ్ళి నాలుగు గెంతులు గెంతు, అదే పోతుందన్నాను."

మేడమ్ తలెత్తి అన్నయ్యని చూసింది. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఇద్దరూ ఆ బరువు ఎవరిది వాళ్ళు మోస్తూ కూర్చున్నారు. ఒకరిని ఒకరు అడగలేదు.

"నాతో ఎప్పుడూ చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే నువ్వు నన్ను అసహ్యించుకుంటావనుకున్నాను. నువ్వు తప్ప నాకెవరున్నారు?"

పిచ్చుక ఇద్దరివంకా మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయింది. ఇంకో మాట అంటుందని, ఇంకా గట్టిగా అరుస్తుందని మేడమ్ సిద్ధపడింది. కానీ ఆ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుని బల్ల మీదికి వంగిపోయింది.

"నేను తమ్ముడొస్తున్నాడా అన్నాను" అంది చేతుల్లోంచి.

వాళ్ళకి అర్థం కాలేదు.

"ఒకరోజు అమ్మ బట్టలు ఆరేస్తోంది. పక్కనుంచి ఫొటో తీశాను. పొట్ట పెద్దగా కనబడింది. 'ఏంటమ్మా, ఈ వయసులో నాకు తమ్ముణ్ణి ఇస్తున్నావా' అని రాసి నా ఫ్రెండ్సందరికీ పంపాను. అమ్మకీ చూపించాను. అమ్మ పడీ పడీ నవ్వింది. 'పేరు కూడా నువ్వే పెట్టు' అంది. ఆ తర్వాత... ఆ తర్వాత ఎప్పుడూ వదులు బట్టలే వేసుకుంది. నా ముందు కూడా. నేను కనిపెట్టాను అత్తా. కనిపెట్టి కూడా ఏమీ అనలేదు. ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. తీసెయ్యలేను, చూడలేను."

అన్నయ్య కుర్చీ జరిపి కూతురి తల మీద చెయ్యి వేశాడు. జుట్టుకి గ్రీజు అంటుకుంటోందని కూడా చూసుకోలేదు. మేడమ్ లేచి వెళ్ళి వెనకనుంచి ఆ పిల్లని రెండు చేతులతో చుట్టేసింది. ఎక్కడ విదిలించుకుంటుందోనని భయపడింది. పిచ్చుక విదిలించుకోలేదు. అత్త చెయ్యి పట్టుకుని దాంట్లోకే ముఖం దాచుకుని ఏడ్చింది. రెండేళ్ళకింద, తల్లి పోయిన రోజు అంతమంది వచ్చిపోతుంటే గ్లాసులతో నీళ్ళందిస్తూ తిరిగిన పిల్ల, ఆ వేళ ఏడవని ఏడుపంతా ఇప్పుడు ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

చాలాసేపటికి పిచ్చుక ముక్కు తుడుచుకుంటూ లేచింది. ముఖం కడుక్కుని వచ్చి, నిలబడే అంది. "నాకింకా కోపంగానే ఉంది. నీ మీదా, నాన్న మీదా, నా మీదా."

"ఉండనీ" అంది మేడమ్.

"నువ్వు వాళ్ళని అడగడం తప్పు కాదు. అమ్మనీ ఎవరైనా అలా అడిగి ఉంటే బాగుండేది. కానీ హాలు మధ్యలో నిలబెట్టి అడగడం తప్పే. చేరేటప్పుడే ఒక కాగితం ఇద్దాం. ఆకలి ఎలా ఉంది, నొప్పులేమైనా ఉన్నాయా, ఉబ్బరం ఎన్నాళ్ళనుంచి, అన్నీ వాళ్ళే రాసుకుంటారు. నీకు అనుమానం వస్తే నా బల్ల దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పు. రేపు నేను కూడా వస్తాను, బేకరీ ఆవిడ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడుగుదాం."

"అడుగుతాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అంత వద్దులే. ఆవిడ కాలు ఎత్తితే నువ్వు మళ్ళీ లెక్కపెట్టడం మొదలెడతావు."

అన్నయ్య నవ్వాడు. నవ్వు బయటికొచ్చాక తనే ఆశ్చర్యపోయినట్టు ఆగాడు. ముగ్గురికీ అప్పుడు గుర్తొచ్చింది, ఆకలేస్తోందని. నాలుగు దాటింది. ఉన్నదేదో వేడిచేసుకుని, పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ కింద నేల మీదే కూర్చున్నారు. సగం తిన్నాక పిచ్చుక అడిగింది.

"నాన్నా, అమ్మ నీకు ఎక్కడ పరిచయమైంది? లిఫ్టులో అని తెలుసు. మిగతాది ఎప్పుడూ చెప్పవు."

ఆయన ఎప్పుడూ చెప్పలేదన్నది నిజమే. ముద్ద కలుపుతూ మొదలుపెట్టాడు.

"నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఒక ఇన్సూరెన్సు ఆఫీసు బిల్డింగులో లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక్కర్తే. నేను వెళ్ళి తలుపు మీద కొట్టగానే 'ఎవరది' అంది. మెకానిక్‌ని అన్నాను. 'మెకానిక్కే అయితే ఇంతసేపూ ఏం చేస్తున్నావయ్యా, కొత్త లిఫ్టు తయారుచేస్తున్నావా' అంది. అప్పటికి నేను వచ్చి రెండు నిమిషాలే అయింది."

"అమ్మే!" అంది పిచ్చుక.

"పైన మెషీను గదికి వెళ్ళి చేత్తో చక్రం తిప్పితే గానీ అది కదలదు. పైకి వెళతానండీ అన్నాను. అంతసేపూ తిట్టిన మనిషి గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది. 'వెళ్ళకండి' అంది. వెళ్ళకపోతే దించలేనన్నాను. 'అయితే పైనుంచి మాట్లాడుతూనే ఉండండి. ఇక్కడ చీకటిగా ఉంది. ఎవరో ఒకరి గొంతు వినబడుతుంటే నాకు భయం వెయ్యదు' అంది."

"మరి నువ్వేం మాట్లాడావు?"

"ఏం మాట్లాడాలో తోచలేదు. చక్రం తిప్పుతూ మా చెల్లెలి గురించి చెప్పాను." ఆయన మేడమ్ వంక చూడకుండా చెబుతున్నాడు. "పొద్దున్నే లేచి మంచాల మీదనుంచి గెంతుతుందనీ, ఇంట్లో ముసలివాళ్ళ చేత కూడా గుంజీళ్ళు తీయిస్తుందనీ. కిందనుంచి ఒకటే నవ్వు. నేను దిగొచ్చి తలుపు తెరిస్తే, బయటికొచ్చి నాకు థాంక్సు కూడా చెప్పలేదు. మొదటిమాటే 'ఆ చెల్లెల్ని నాకు చూపించండి' అంది."

మేడమ్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"నిజంగా అలా అందా అన్నయ్యా?"

"అంది. నిన్ను చూడ్డానికే మొదటిసారి మనింటికి వచ్చింది. నా కోసం వచ్చిందని మీ అందరూ అనుకున్నారు, నేను కాదనలేదు."

మేడమ్ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు వదిన ఏం బట్టలు వేసుకొచ్చిందో, గుమ్మంలో చెప్పు తెగిపోతే ఒంటి చెప్పుతో లోపలికి ఎలా నడిచొచ్చిందో తనకి గుర్తున్నదంతా చెప్పింది. అన్నయ్యకి అవి గుర్తులేవు. పాట ఏదైనా సరే వదిన తన సొంత మాటలు కలిపి పాడేదని పిచ్చుక చెప్పింది. ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. వంకర రాత, పెద్ద గొంతు, అద్దంలో చూసుకుని తనకి తనే కన్నుకొట్టుకునే అలవాటు. రెండేళ్ళుగా ఒక పొట్టగా, ఒక మంచంగా మిగిలిపోయిన మనిషి జుట్టుతో, చేతులతో, చెప్పులతో, తిట్లతో సహా ఆ గదిలోకి వస్తున్నట్టుంది.

బయట వెలుగు తగ్గుతోంది. పళ్ళాల్లో చేతులు ఎండిపోయాయి. ఎవరూ లేచి లైటు వెయ్యలేదు.

"తర్వాత ఏమైంది నాన్నా?" పిచ్చుక తండ్రి మోకాలి మీద తల పెట్టుకుంది. "ఆపకు. మాట్లాడుతూనే ఉండు."